ఆయన ఫంక్షన్‌లో నా లైను

శేరిలింగంపల్లి నుంచి రోజూ బండి మీద వచ్చే మా సీనియర్ పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆఫీసులో అందరం ఆయన్ని అన్నా అనేవాళ్లం. మేం రాసిన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఇచ్చే రిపోర్టు చదవడం నాకు నేర్పింది ఆయనే.

ఫంక్షన్ అంటే ఒక పని చేసే కోడ్ ముక్క. అది నడిచినంతసేపే అవసరమయ్యే విలువను మా కంపైలర్ మెమరీలో స్టాక్ అనే చోట పెడుతుంది. ఫంక్షన్ ముగియగానే ఆ చోటు దానంతటదే ఖాళీ అవుతుంది. విలువ అడ్రస్ ఫంక్షన్ దాటి బయటికి పోయేలా ఉంటే హీప్ అనే మరో చోట పెడుతుంది. దాన్ని తర్వాత వెతికి తీసెయ్యాలి, దానికి సమయం పడుతుంది. పోతుందో లేదో తేల్చుకోలేకపోయినా హీపే.

"దాని తప్పు కాదు చెల్లె. జర భయం ఎక్కువ దానికి," అన్నాడొకసారి అన్న, కంపైలర్ గురించి.

ఆయన దవాఖానలో ఉన్న వారం నేనొక బగ్ వెతుకుతూ, ఆయన రాసిన ఫంక్షన్‌లో ఒక విలువను లాగ్ చిట్టాలోకి ప్రింట్ చేసే లైను చేర్చాను. బగ్ మరోచోట దొరికింది. లైను తీయడం మరిచిపోయాను. బగ్ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఆ సాయంత్రమే ఆయన ఫోన్ చేశాడు.

"నా కోడ్ల చెయ్యి పెట్టినవా ఏంది?"

మంచం మీదున్న మనిషితో ఆ మాటలెందుకని, లేదన్నాను.

ఆయన పోయిన నెలకు, వాడేవాళ్లు పెరిగేసరికి మా సర్వీసు నెమ్మదించింది. అందరి అనుమానం ఆ ఫంక్షన్ మీదికే పోయింది. అప్పటికి ఆయన చేతి రాతగా మా దగ్గర మిగిలింది అదొక్కటే.

"తీసేసి కొత్తగా రాసేయండి," అన్నాడు కోస్తా నుంచి వచ్చిన మా మేనేజర్. "అడుగుదామంటే ఆయన లేరు కదండీ."

తీసేముందు రిపోర్టు చూశాను. ఒకే ఒక్క విలువ హీప్‌కు పోతోంది. కారణంగా చూపిన లైను నాది. ప్రింట్ చేయడమంటే ఆ విలువ అడ్రస్‌ను మరో ఫంక్షన్‌కు ఇవ్వడమే. అక్కడ దాన్ని ఏం చేస్తారో కంపైలర్‌కు తెలియదు. అందుకని ప్రతి రిక్వెస్టుకూ హీప్‌లో చోటు తీస్తోంది. లైను తీసి మళ్లీ కంపైల్ చేస్తే విలువ స్టాక్‌లోనే ఉండిపోయింది.

ఏమీ చెప్పకుండా దాన్ని సర్వర్‌లోకి ఎక్కించేస్తే సరిపోయేది. ఆయన పాడుచేసింది నేను బాగుచేశానని అనుకునేవారు.

మర్నాడు మీటింగులో రిపోర్టు తెర మీద పెట్టి, ఆ లైను నాదని, ఏ వారం చేర్చానో చెప్పాను. కొత్తగా రాసే పనిని మేనేజర్ జాబితాలోంచి కొట్టేశాడు.

"అయితే ఆయనది అలాగే ఉంచండి. చేర్చినప్పుడే ఆయనకు చెప్పొచ్చు కదండీ."

ఆయన అడిగితే లేదన్నానని చెప్పాను. అందరూ తర్వాతి విషయానికి వెళ్లారు.