సుక్రిని నేను అడగని మాట

ఇన్నేళ్లూ దీన్ని మోసుకుంటూ తిరిగాను. ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. నేను తల వంచుకుని మాట్లాడే మనిషిని కాను. అరకు కొండల్లో ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్సు టీచర్ని. మా పిల్లలు చదివే తీరు చూడ్డానికి వేరే మండలాల నుంచి టీచర్లు వస్తారు. మా స్టడీ అవర్లో గోల ఉండదు. పిల్ల ఒక పేజీ చదువుతుంది, పుస్తకం మూస్తుంది. పక్కపిల్ల "ఏదీ, చెప్పు" అంటుంది. చూడకుండా సొంత మాటల్లో చెప్పాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడే మళ్లీ తెరవాలి. నాలుగు రోజులు పోయాక మళ్లీ అదే పాఠం, మళ్లీ అదే "ఏదీ, చెప్పు". ఇంతే. ఇలా చదివిన మా పిల్లల్లో నర్సులున్నారు, ఒకతె పక్క ఊరి బడిలో నాలాగే టీచరు. వాళ్లని చూస్తే నా మనసు పొంగిపోతుంది. ఎందుకు దాచుకోవాలి? పార్వతీపురంలో ట్రైనింగ్ పెట్టి ఈ పద్ధతిని నా చేతే చెప్పించారు. మీకెలా తట్టింది మేడమ్ అని అడిగారు. అనుభవం అన్నాను.

అబద్ధం. నాకు తట్టలేదు.

నేను కొత్తగా వచ్చినప్పుడు మా స్టడీ అవర్ అంటే హోరు. అందరూ గొంతెత్తి చదవాల్సిందే. నేను వరండాలో తిరుగుతూ వినేదాన్ని. ఏ మూల గొంతు తగ్గినా స్కేలుతో కిటికీ చువ్వల మీద కొట్టేదాన్ని. చప్పుడు ఉంటే చదువు సాగుతున్నట్టే అనుకున్నాను, నేనూ అలాగే అరిచి అరిచి పాసైనదాన్నే కదా. తొమ్మిదో తరగతిలో సుక్రి అనే పిల్ల ఒక్కతే నోరు మెదిపేది కాదు. పుస్తకం మూసి, గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. ఒక సాయంత్రం పట్టుకున్నాను.

"పడుకున్నావేటే గుంటా?"

"పడుకోలేదు మేడమ్. సెప్పుకుంతన్నాను."

"ఎవలికి?"

"నాకే. మా అమ్మమ్మ ఒక కత సెప్పినాక, దాన్ని మళ్లీ నా సేత సెప్పిస్తాది. సెప్పకపోతే రెండో కత సెప్పదు. పాటం కూడా అలాగే..."

"సాల్లే. నాకు కతలు సెప్పకు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏ పాఠం చెప్పుకుంటోందో, ఏదీ చెప్పు అని ఒక్కసారి అడగొచ్చు కదా? ఎందుకు అడగలేదు? గడగడా చెప్పేస్తుందేమోనని భయపడ్డానని ఇప్పుడు అనుకోవడం బాగానే ఉంటుంది గానీ, నిజానికి అంత ఆలోచన కూడా లేదు. చదవడం ఎలాగో కొండపిల్ల నాకు చెప్పడమేమిటన్న పొగరు. అంతే.

ఆ వారం సంత రోజున వాళ్ల నాన్న పనసతొనలు పట్టుకుని పిల్లని చూడ్డానికి వచ్చాడు. మీ అమ్మాయి స్టడీ అవర్లో నిద్రపోతోంది, దీనికి చదువు అబ్బదు అని అందరి ముందూ అనేశాను. అతను పిల్ల చేత పెట్టె సర్దించి, ఆ సాయంత్రమే తనతో తీసుకుపోయాడు. పనసతొనలు మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

తర్వాతి వారం, సుక్రి పక్కన కూర్చునే బుద్రిని ఊపిరి ఎలా ఆడుతుందని అడిగాను. క్లాసులో అందరికన్నా వెనకబడిన పిల్ల. పుస్తకం మూసేసి, ఎక్కడా తడబడకుండా, తన మాటల్లో మొత్తం చెప్పింది. ఎలా వచ్చిందే అన్నాను. సుక్రి నేర్పిందట. చదివి, మూసి, చెప్పుకోమందట.

ఆ క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. ఆ ఆదివారం జీపెక్కాను. రోడ్డు ఆగిపోయే చోట దిగాను. సుక్రి వాళ్ల ఊరు ఇంకా పైన ఉంది, నడవాలి. టీ తాగాను. ఎక్కి వెళ్లి ఆ తండ్రి ముందు నిలబడి, తప్పు మీ పిల్లది కాదు, నాది అనాలి. ఇంకో టీ తాగాను. అదే జీపులో తిరిగి వచ్చేశాను. నడక కష్టమని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిని మోసం చేద్దామని?

మర్నాడు స్కేలు పక్కన పడేసి, పిల్లలందరి చేతా పుస్తకాలు మూయించాను. వాళ్లు బాగుపడ్డారు. నాకు పేరొచ్చింది. సుక్రి మాత్రం మళ్లీ ఏ బడికీ వెళ్లలేదు. కాఫీ తోటల్లో పళ్ల కోతకి వెళ్తోందని బుద్రి ఒకసారి చెప్పింది. పక్క ఊరి బడిలో టీచరన్నానే, ఆ పిల్ల బుద్రే. తను ఈ పద్ధతి సుక్రిదని ఏనాడూ నన్ను ఎత్తిపొడవలేదు. నేనూ ఆ పేరు ఎత్తలేదు.

ఇప్పటికీ నా పిల్లల్ని చూస్తే గర్వమే. ఆ గర్వంలో సగం సుక్రిది. సగమేనా? ఇక్కడ కూడా మొత్తం ఇచ్చేయడానికి చెయ్యి రావడం లేదు చూడండి. మొత్తం సుక్రిదే. ఇప్పుడు ఆ ఊరికి రోడ్డు పడింది, జీపు ఇంటి ముందుకే వెళ్తుంది. నడక సాకు కూడా లేదు. అయినా నేను వెళ్తానని మీకు మాటివ్వను, నా సంగతి నాకు తెలుసు.

కానీ మొదటి నుంచి చివరి దాకా, ఏమీ దాచకుండా, ఇది ఇవాళే చెప్పాను. ఏదీ చెప్పు అని నన్నెవరూ అడగలేదు. అడగకుండానే చెప్పాను.