తెల్లరాయి కింద నీలిగాడు

నా చేతిరాత బాగుండదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి నాగలి పట్టినవాణ్ణి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి, మీరే సరిచేసుకుని చదవండి. మా ఎదురింటి బావ పోయిన నెలలో చనిపోయాడు. పొద్దున్నే కాఫీ తాగి, చేపలకు మేత వేసి, తొట్టి ముందు కుర్చీలో వెనక్కి వాలాడు. అంతే. ఆయన భార్య వచ్చి పిలిచేసరికి చేపలు ఇంకా మేత తింటూనే ఉన్నాయి.

బావ అంటే చుట్టం కాదు. నేను నకరికల్లు దగ్గర పొలం కౌలుకిచ్చి నరసరావుపేటలో ఆ వీధికి వచ్చిన రోజు, సామాను దించుతుంటే వచ్చి, "వరసేందో తర్వాత చూసుకుందాం, ముందు బావా అని పిలు" అన్నాడు. అట్లా పిలిపించుకుంటే ఎంత ఎగతాళి చేసినా చెల్లుతుందని ఆయన ఎత్తు. ఆయన భార్య నాకు అక్కయ్య అయింది.

బావ పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ గుమాస్తాగా చేసి మానేశాడు. తర్వాత కంటిలో శుక్లం తీయించుకున్నాడు. కట్టు విప్పాక, డాక్టరు గారి హాల్లో అద్దాల తొట్టిలో తిరుగుతున్న నీలం చేపే ఆయనకు మొదట కనిపించింది.

"ఇన్నాళ్ళూ లోకాన్ని పాతగుడ్డలోంచి చూశాను బావా. ఆ నీలం చూసినాక ఇంటికి రాబుద్ధి కాలా" అనేవాడు.

అవి సిక్లిడ్లనే ఆఫ్రికా జాతి చేపలని, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళలోనే బతుకుతాయని అక్కడి కాంపౌండరు చెప్పాడట. బావ నవ్వి, "మా బోరు నీళ్ళకంటే గట్టియ్యా? మా బిందెకి గార కడితే ఉలి పెట్టి కొట్టాల్సిందే" అన్నాడట. నెల తిరగకుండా ఆయన ముందు గదిలో నాలుగడుగుల తొట్టి వెలిసింది. అందులో మొదటగా వచ్చినవాడు ఒక నీలం మగచేప. కోబాల్ట్ జీబ్రా అంటారు. బావ మాత్రం నీలిగాడు అనేవాడు.

నాకు నలుగురిలో మాట పెగలదు. సాయంత్రం పూట ఆ తొట్టి ముందు కూర్చుంటే మాట్లాడే పని ఉండదు కాబట్టి రోజూ వెళ్ళేవాణ్ణి. "చేపలన్నా నోరు తెరుస్తాయి, నువ్వు తెరవవు గదా బావా" అనేవాడు. ఆయనే మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. ఇద్దరికీ బాగుండేది.

నాకూ ఒక తొట్టి పెట్టించి, చేపలు కొనడానికి గుంటూరు తీసుకెళ్ళాడు. నేను పసుపు మీద నల్ల చారలున్నదాన్ని చూపించాను.

"అదా? ఆరాటస్. రంగు బంగారమే, బుద్ధి మాత్రం మీ పాత సర్పంచిది. తొట్టంతా నాదే అంటది."

"మరి ఆ ఎర్రది?"

"అది పీకాక్. చానా మెతకది. పైగా దాని మేత వేరు. మన తొట్లలో ఉండేయి రాతిచేపలు, రాళ్ళ మీద నాచు మేసేయి. అన్నిటినీ ఒకే బంతిలో కూర్చోబెడితే, ఒకళ్ళకి కడుపుబ్బుద్ది, ఇంకొకళ్ళు పస్తు. రంగు చూసి తేమాక బావా, గుణం చూసి తే."

చివరికి నాకు ఆరు పసుపు చేపలు ఇప్పించాడు. ఎల్లో ల్యాబ్ అన్నారు కొట్టువాళ్ళు. నిమ్మపండు రంగు, నెమ్మది స్వభావం. "నీలాంటియ్యే" అన్నాడు బావ.

వాటి మీద ప్రేమ కొద్దీ నేనొక తెలివితక్కువ పని చేశాను. పల్నాడు నీళ్ళు మనకే పడవు, పరాయి దేశం చేపలకేం పడతాయని, డబ్బాలతో ఫిల్టర్ నీళ్ళు తెప్పించి తొట్టి నిండా పోశాను. తెల్లారేసరికి అన్నీ రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉన్నాయి. ఒకటి చచ్చిపోయింది. బావ వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

"ఏంది బావా ఈ మర్యాద! ఇయ్యి మనబాపతు. వీటికి బోరు నీళ్ళే పాయసం."

ఆ రోజంతా ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. కొంచెం తోడేసి, అరగంటకో చెంబు చొప్పున బోరు నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు. అక్కయ్య అన్నం ఇక్కడికే పంపింది. సాయంత్రానికి ఐదూ లేచి తిరిగాయి. మర్నాడు పిడుగురాళ్ళ నుంచి తెల్ల సున్నపురాయి ఒకటి తెచ్చి, కడిగి, నీళ్ళు గట్టిగా ఉండాలని తొట్టి మధ్యలో పెట్టాడు. "పచ్చిరాయి ఇది. తేడా తెలీక బట్టీలో కాల్చింది వేసేవు, పులుసైపోతాయి" అని హెచ్చరించాడు.

కొత్త చేప వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కూడా అప్పుడే చెప్పాడు. "రాళ్ళన్నీ తీసి వేరేగా పేర్చు. అప్పుడు పాతోళ్ళకీ అది కొత్త ఊరే, కొత్తోడికీ కొత్త ఊరే. ఎవడి హద్దులూ ఎవడికీ గుర్తుండవు. మన ఊళ్ళల్లో ఎలక్షన్లప్పుడు ఇట్లా చేస్తే బాగుండు. మనోళ్ళు రాళ్ళు పేర్చరు, విసురుతారు." చెప్పి తనే పడీపడీ నవ్వాడు.

పెద్దకర్మ అయ్యాక అక్కయ్య నన్ను పిలిచింది. "తమ్ముడూ, ఇయ్యి నాకు చేతకావు. డాక్టరు గారు తీసుకుంటామన్నారు. నీలిగాణ్ణి మాత్రం వద్దన్నారు. వాళ్ళ తొట్టిలో నీలం మగది ఉందంట, రెండూ చంపుకుంటాయంట. నువ్వు తీసుకుపో" అంది.

సరేనన్నాను కానీ ఎటూ పాలుపోలేదు. వాడు తోకలు కొరికే రకం. నా పసుపు చేపలా, బావ కూర్చోబెట్టి బతికించినవి. వాడా, బావ తొట్టిలోకి మొదట వచ్చినవాడు. ఎటు పోయినా పోయేది బావదే. అడగడానికి బావ లేడు.

మధ్యాహ్నం లైటు ఆర్పి, రాళ్ళన్నీ తీసి బయట పెట్టాను. అటువి ఇటు, ఇటువి అటు పేర్చి, తెల్లరాయిని మూలకు జరిపాను. నీలిగాణ్ణి వదిలి, తొట్టి మీద దుప్పటి కప్పి, ఎదురుగా కూర్చున్నాను. సాయంత్రం దుప్పటి తీస్తే ఆరుగురూ ఉన్నారు. కొత్త ఊళ్ళో దారి వెతుక్కుంటున్నట్టు రాళ్ళ మధ్య తిరుగుతున్నారు. రెండు రోజులు తరుముకున్నారు. ఒక పసుపుదాని తోక చివర చిరిగింది, మళ్ళీ వచ్చింది. మూడో రోజు నీలిగాడు తెల్లరాయి కింద కాపురం పెట్టాడు.

అప్పటి నుంచి పొద్దున్నే వాడికి ఒకటే పని. రాయి కింద ఇసక నోటినిండా తీసుకుని, బయటికొచ్చి, ఫూమని ఊస్తాడు. బావ రోజూ తెల్లారి గడపలో నిలబడి, నోరు పుక్కిలించి వీధిలోకి అట్లాగే ఊసేవాడు, అక్కయ్య తిట్టేది. మొన్న అక్కయ్య మా ఇంటికి వచ్చి నీలిగాణ్ణి చూసి, "ఏమయ్యో, ఇక్కడ చేరావా" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నెల తర్వాత అదే మొదటిసారి ఆమె నవ్వడం.

ఒక మగదానికి మూడు ఆడవి ఉండాలని బావ మాట. చేపలు పెంచే మీలో ఎవరి దగ్గరైనా ఈ రకం నీలం ఆడచేపలు ఉంటే నాలుగు ముక్కలు త్వరగా రాయండి, నేనే వచ్చి తెచ్చుకుంటాను. వాడు అప్పుడే వాకిలంతా శుభ్రం చేసి, తెల్లరాయి ముందు నిలబడ్డాడు.