ఏదో పనిమీద ఎర్రగుంట్లకు

మొన్న ఆదివారం మా ఆయన స్నేహితుడొకాయన కొత్త కారు కొని, పూలదండతో సహా తెచ్చి మా వాకిట్లో నిలబెట్టినాడు. కొత్త కారు కనబడితే చాలు, మా మామకు పాత కారు కథ గుర్తుకొస్తుంది. నిన్న రాత్రి ఏం తిన్నాడో చెప్పలేని వయసు ఆయనది. ఈ కథ మాత్రం ఒక్క ముక్క పోకుండా చెబుతాడు. పెన్న బ్రిడ్జి దాటినాక నడిరోడ్డు మీద ఆగిపోయిన కారును, మెకానిక్కు అనేవాణ్ని పిలవకుండా, ఒక చిన్న బల్బు, రెండు వైర్లతో తానొక్కడే ఎట్లా నడిపించినాడనేది కథ. దాన్ని నేను పెళ్లిళ్లలో విన్నాను, పెద్దకర్మల్లో విన్నాను, ఒకసారి ఆస్పత్రి వరండాలో సెలైన్ ఎక్కుతుండగా కూడా విన్నాను. మొన్న ఆదివారం మళ్లీ అదే కథ నడుస్తుంటే మా అక్క కూతురు టీ గ్లాసులు అందిస్తూ, ఇన్నేళ్లుగా ఎవరూ అడగని మాట అడిగింది. "తాతా, ఇంతకూ ఆ పొద్దు మీరంతా యాడికి పోతాంటిరి?" మామ పైకప్పు వైపు చూసినాడు. "యాడికి... ఎర్రగుంట్లకనుకుంటాలేమ్మా. ఏదో పనిమీద" అన్నాడు.

చేతిలో ఉన్న బిస్కెట్ల పళ్లెం కింద పెట్టి వంటింట్లోకి పోయినాను. ఏదో పనంట!

ఆ పని ఏదో చెప్పేముందు మా మామ సంగతి కొంత చెప్పాలి. గుమాస్తాగా రిటైరైనప్పటి నుంచి ఆయనకు ఇంట్లో ఏ వస్తువూ ఊరికే ఉండటం నచ్చదు. ఫ్యాను విప్పుతాడు, మిక్సీ విప్పుతాడు, గడియారం విప్పుతాడు. వాటిలో కొన్ని తిరిగి తిరుగుతాయి కూడా. అన్నిటికీ మించి, రంగు మిగిలిపోతే ఆయనకు పడనే పడదు. పండక్కి గేటుకు ఆకుపచ్చ పెయింటు వేయించినాక డబ్బాలో నాలుగు వేళ్ల రంగు మిగిలిందంటే, అది గట్టిపడి పాడైపోయేలోగా ఎక్కడో ఒకచోట పూయాల్సిందే. అట్లా మా పెట్టె పచ్చనైంది, బియ్యం డ్రమ్ము పచ్చనైంది, నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషను స్టాండు కూడా పచ్చనైంది. పొద్దుటూరులో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లకు గుర్తు చెప్పాలంటే, లోపల ఇనుమంతా పచ్చగా ఉండే ఇల్లు అంటే సరిపోతుంది. నేనూ నవ్వేదాన్నే అప్పట్లో.

ఈ కథ జరిగిన ఏడు మా సెకండ్ హ్యాండ్ కారులో పెట్రోలు వాసన వస్తోందని ఆయన వెనక సీటు పీకినాడు. ఆ సీటు కింద ఒక మూత, మూత కింద ట్యాంకు, ట్యాంకులో పెట్రోలును ఇంజనుకు తోసే పంపు ఉంటాయి. మూత కింది రబ్బరు పాడైందని తానే కొత్తది తెచ్చి వేసినాడు. అంతటితో ఆగుంటే ఎంత బాగుండేదో. అక్కడి రేకు తుప్పు పట్టిందని, గేటు రంగు ఎటూ మిగిలింది కదా అని, రెండు కోట్లు బ్రహ్మాండంగా పూసి, ఆరబెట్టి, వైర్లు ఎక్కడివక్కడ బిగించి సీటు పెట్టేసినాడు. కారు రెండు మూడు రోజులు ఊళ్లో బాగానే తిరిగింది.

ఇక పని. మా బావ పోయినాక పులివెందులలో మా అక్కకు కువైటు తప్ప ఇంకో దారి కనపడలేదు. మా వైపు అదేమీ వింత కాదు. పిల్లకు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. పిల్ల నాకు అలవాటు పడాలని అక్క ఒక నెల ముందే తెచ్చి మా ఇంట్లో వదిలిపోయింది. ఏజెంటు ఆడవాళ్లందరినీ పులివెందుల నుంచి వ్యానులో ఎర్రగుంట్లకు తెచ్చి మద్రాసు రైలెక్కిస్తాడని, ఆ మధ్యాహ్నం పిల్లను స్టేషనుకు తెస్తే ఒక్కసారి ఎత్తుకుని పోతానని ఫోను చేసింది. పని అంటే ఇదే. తల్లి బిడ్డను ఎత్తుకోవడం.

బస్సులో పోతామన్నాను. కారుండగా బస్సేందన్నాడు మామ. పెన్న దాటి కొంచెం పోయినామో లేదో కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. మా ఆయన తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. మామ దిగి, బంకువాడు కల్తీ పెట్రోలు పోసినాడన్నాడు. కాసేపటికి బ్యాటరీ అన్నాడు. ఆ తర్వాత బానెట్లోకి తలపెట్టి, హారనుకు కరెంటు అందించే రిలే అనే చిన్న డబ్బీని పీకి పంపు రిలే చోట పెట్టినాడు. తాళం వేసి అందర్నీ నోరు మూసుకోమన్నాడు. "పంపు బాగుంటే వెనకాల జుయ్‌మని అంటాదప్పా. వినండి." విన్నాం. సిమెంటు లారీల మోత తప్ప ఏమీ వినపడలేదు. ఎండ మాడిపోతోంది. పిల్ల నా భుజం మీద చెమటతో అంటుకుపోయి, "అమ్మ కాడికి పోదాం" అంటోంది.

వెనకనుంచి ఎర్రగుంట్లకు పోయే బస్సు వస్తే చెయ్యెత్తినాను. బస్సు ఆగింది కూడా. నేను పిల్లతో అడుగు వేయబోయే లోపల మా మామ అడ్డమొచ్చి, "వాళ్లెక్కరు, పోనీప్పా" అని కండక్టరుకు చెప్పేసినాడు. బస్సు పోయింది. "కారు పెట్టుకోని బస్సెక్కుతారేందిమ్మా, చూసినోళ్లు నవ్వరా? ఇంగ అయిపోతాంది" అన్నాడు నాతో. నేను మా ఆయన వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు" అన్నాను. ఆయన టైరు వైపు చూస్తా నిలబడినాడు. అప్పుడే అక్క ఫోను. నేను అందుకునేలోగా ఆయనే తీసి, "వచ్చేసినాం వదినా, ఊరి బయటే ఉండాం" అన్నాడు. తండ్రికి ఒక్క మాట ఎదురు చెప్పలేని మనిషికి అబద్ధం మాత్రం ఎంత సులభంగా వచ్చిందో! ఆ టైరు చూపును, ఆ మాటను నేను ఈ రోజుకీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

మామ ఈలోపు వెనక సీటు పీకి రోడ్డు పక్కన పడేసినాడు. బల్బుకున్న ఒక వైరును పంపుకొచ్చే కరెంటుకు ఆనించి, రెండోదాన్ని తలుపు గొళ్లేనికి పెడితే బల్బు వెలిగింది. అదే రెండో వైరును పంపు ఎర్తు బోల్టుకు పెడితే వెలగలేదు. కరెంటు వస్తోంది గానీ తిరిగిపోయే దారి లేదన్నమాట. టార్చి వేసి చూస్తే బోల్టు కింద నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. రంగు మీద బిగించిన వైరు ఇనుమును తాకితే గదా! ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఏ మూలో కొంచెం ఆనుకుని నడిచింది, గతుకులకు అదీ పోయింది. "ఎవుడప్పా ఈడ రంగేసింది? బుద్ధుందా వానికి?" అని అరిచినాడు. "మీరే మామా" అన్నాను. "నేనేస్తే బోల్టు కాడ వదిలిపెట్టి ఏస్తా" అన్నాడు. కుట్టుమిషను గుర్తుకొచ్చి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చినాయి. తాళంచెవితో రంగు గీకి బోల్టు బిగించినాడు. వెనకాల జుయ్‌మంది. నడిరోడ్డు మీద మా మామ చప్పట్లు కొట్టినాడు.

మేము పోయేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. సిమెంటు బెంచీ కింద కుక్కొకటి పడుకుని ఉంది. ఏజెంటు వ్యాను డ్రైవరు మమ్మల్ని చూసి తానే వచ్చినాడు. "మీరేనామ్మా? ఆయమ్మ శానాసేపు ఎక్కలేదు. గేటు కాడికి ఉరికేది, మళ్లా వచ్చేది. వచ్చేసినారంట, వచ్చేసినారంట అంటాండె. రైలు కదిలినాక పట్టుకోని లాగినారు లోపలికి" అని నా చేతికి ఒక టిఫిన్ డబ్బా ఇచ్చినాడు. అందులో చీనీకాయలు, తోలు తీసి, తొనల మీది పొర కూడా తీసి, గింజలు ఏరి పెట్టినవి. పిల్ల ఆ బెంచీ మీద కూర్చుని తొనలన్నీ తినింది. "అమ్మ రాలే?" అని అడిగింది. వచ్చింది, రైలెక్కి పోయింది అని చెప్పినాను. అంత చిన్నపిల్ల నా మాట నమ్ముతుందా, కళ్లముందున్న ఖాళీ బెంచీని నమ్ముతుందా?

బెంచీనే నమ్మింది. దాని తలలో ఆ ఖాళీ బెంచీ, చీనీకాయలే మిగిలినాయి. అక్క ఫోను చేస్తే పలికేది కాదు. పెద్దదయ్యాక "బాగుండా" అని ఫోను నా చేతికిచ్చేసేది. సెలవుకు వచ్చినప్పుడు కూడా అక్కను ఇంటికొచ్చిన చుట్టంలాగే చూసింది. ఎందుకని నేను అడిగినా, ఆ పొద్దు సంగతి ఎత్తబోయినా జడ అల్లుకుంటా లేచిపోయేది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. అక్క ఇంకా కువైటులోనే ఉంది. ఇటు మామ కథకు ఏడాదికేడాది వన్నె పెరిగింది. అందులో లారీలు ఉంటాయి, బల్బు ఉంటుంది, గీకిన తాళంచెవి ఉంటుంది. రంగు ఎవరు పూసినారో ఉండదు. స్టేషను ఉండదు. పెద్దాయన, నొప్పించకు అని మా ఆయన నా నోరు మూయించినాడు ప్రతిసారీ.

ఆదివారం మూయించలేకపోయినాడు. వంటింట్లోంచి బయటికొచ్చి, కొత్త కారు తెచ్చినాయన ముందే అన్నాను. "ఏదో పని కాదు మామా. ఈ పిల్లను వాళ్లమ్మకు చూపించే పని. రంగు పూసింది మీరు. బస్సును పంపించేసింది మీరు. వాళ్లమ్మ రైలు కదిలేదాకా ఎక్కకుండా ఈ పిల్ల కోసం గేటు కాడికి ఉరుకుతానే ఉండె." మామ గ్లాసు కింద పెట్టినాడు. "అయినా తప్పు పట్టుకునింది నేనే కదమ్మా" అన్నాడు. నేను ఇంకేదో అనేదాన్నే గానీ, పిల్ల నా కొంగు పట్టుకుంది.

"అమ్మ ఆ పొద్దు వచ్చిందా?"

వచ్చింది అన్నాను. పిల్ల టీపాయ్ మీది నా ఫోను తీసుకుని మిద్దె మెట్లెక్కింది. నేను మెట్ల కిందే నిలబడిపోయినాను. పైనుంచి చిన్నగా, "మా... ఆ చీనీకాయలు నువ్వే వలిచింటివా?" అంది. అవతల అక్క ఏమన్నదో తెలియదు గానీ, ఈ పిల్ల మాత్రం పెట్టేయకుండా వింటానే ఉండింది. కారు ఆ మధ్యాహ్నమే కదిలింది. మేము ఎర్రగుంట్ల స్టేషనుకు చేరింది మాత్రం మొన్న ఆదివారమే.