జూబ్లీహిల్స్ డాబా మీద జామచెట్టు

ఈ ఉదయం వెంగళరావు నగర్‌లో మా డాబా మీద జామ చిగుళ్లు తుంచాను. వేళ్లకు అంటిన ఆ పచ్చి వగరు వాసన, ఆఫీసులో మధ్యాహ్నం డ్రాయింగు చుడుతున్నప్పుడు కూడా వదల్లేదు. ఆ వాసన తగిలితే నాకు మా గురువుగారు గుర్తొస్తారు. ఆయన సినిమాల్లో కళా దర్శకులు. సివిల్ డిప్లొమా చేతికి రాగానే నేను ఫిల్మ్‌నగర్‌లోని ఆయన ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆయన వేసిన తోటల్లో ఒక్క ఆకూ వాడేది కాదు. అన్నీ కాగితం, గుడ్డ, రంగు.

పరిశ్రమతో పాటు మద్రాసు నుంచి వచ్చి ఆయన జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆయన భార్యకు, మా అమ్మగారికి మాత్రం ఈ ఊరు ఒంటబట్టలేదు. మద్రాసు ఇంటి పెరట్లో వాళ్లకు జామచెట్టు ఉండేది. కాయలు దోరబారగానే పళ్లెంలో పెట్టుకుని వీధంతా పంచడం ఆవిడ అలవాటు. ఇక్కడ ఇంటి చుట్టూ బండ, గునపం దిగదు. పైగా వీధిలో నడిచే మనిషి కనబడడు. గేటు తెరుచుకుంటుంది, కారు వెళ్తుంది, గేటు మూసుకుంటుంది. "పక్కింట్లో ఎవరున్నారో వాళ్ల కుక్కకే తెలియాలి," అనేవారు ఆవిడ. ఎండాకాలం రాగానే మద్రాసులో చెల్లెలి దగ్గరికి వెళ్తాననీ, వెళ్తే ఇక రానేమోననీ నా ఎదుటే అన్నారు. గురువుగారు విననట్టు పేపరు తిప్పారు.

మర్నాడు నన్ను పిలిచారు. "ఇంజనీరూ, కుండీల్లో కాసే చెట్లేమిటో చెప్పు. చేతకానివాళ్ల చేతుల్లో కూడా బతకాలి."

నర్సరీలు తిరిగి వచ్చి, కారణాలతో సహా చెప్పాను. నిమ్మ, వేళ్లు మరీ లోతుకు పోవు, ఏడాదిలో మళ్లీ మళ్లీ కాస్తుంది. దానిమ్మ, ఒకపూట నీళ్లు మరిచినా ఓర్చుకుంటుంది. అంటు జామ, గింజ మొక్కలా ఏళ్లు ఆగక్కర్లేదు, కత్తిరించేకొద్దీ గుబురుగా వస్తుంది.

"మామిడో?"

"మొదటిసారి పెంచేవాళ్లకు వద్దండీ."

"పోనీ సపోటా?"

"దానికి ఓపిక కావాలండీ."

"మా ఇంట్లో లేనిది అదొక్కటే," అన్నారు.

కుండీల చోటు మీద మాకు వాదన వచ్చింది. బరువు శ్లాబు నడుమ పడకుండా దూలం మీదుగా పెట్టాలని నేను. అమ్మగారు కాఫీ తాగే కుర్చీలోంచి చూస్తే ఫ్రేములో పడాలని ఆయన. చివరికి కుర్చీ జరిపాం.

నిమ్మ, దానిమ్మ నిలదొక్కుకున్నాయి. జామ పూసింది, పూత రాలింది. మొక్క లేతది, తొలి పూత నిలవదని నేను చెప్పినా ఆయన ముఖం తేరుకోలేదు. ఆ సాయంత్రమే అమ్మగారు మద్రాసుకు టికెట్టు తెమ్మని డ్రైవర్ యాదగిరికి చెప్పారు.

మర్నాడు పొద్దున డ్రాయింగులు చూపించడానికి వెళ్లేసరికి, డాబా మీద జామచెట్టు నిండా కాయలు. పక్కనే యాదగిరి నిలబడి ఉన్నాడు.

"తెల్లారంగనే మార్కెట్‌కి తీస్కపొమ్మన్నడు సార్," అన్నాడు గొంతు తగ్గించి. "తెచ్చినంక ఒక్కొక్క కాయ కొమ్మకు వెట్టుకొని సూసిండు. అమ్మ నమ్మదని జర మీరన్న చెప్పుండ్రి."

సెట్లో కట్టినట్టే ఆకుపచ్చ దారంతో కట్టారు. కొనల్లో పిందెలు, లోపల దోరవి. ఒకదానికి చిలక కొట్టిన గాటు కూడా ఉంది, చాకుతో ఆయనే చెక్కారు.

అమ్మగారు కాఫీ గ్లాసుతో వచ్చి చెట్టు చుట్టూ తిరిగారు. గురువుగారు ఆకాశం కేసి చూస్తున్నారు.

"నిన్న సాయంత్రం దీనికి నీళ్లు పోసింది నేనేనండీ."

"రాత్రికి రాత్రే ఎదిగాయేమో."

"చిలక కూడా రాత్రే వచ్చిందా?"

ఆయన చెయ్యి చాచి ఒక దారం ముడి సర్దారు. తర్వాత మెల్లగా, "నాకు చేతనైన పని ఇదొక్కటే," అన్నారు.

ఆవిడ గ్లాసు గోడ మీద పెట్టారు. "కత్తెర తీసుకురా బాబూ. లేత కొమ్మలు, బరువుకి విరుగుతాయి," అన్నారు నాతో. దారాలన్నీ తెంచేసరికి పళ్లెం నిండింది. చిలక కొట్టిన కాయ ఆయన చేతిలో పెట్టి, "ఇది మీరే తినండి," అని పళ్లెంతో మెట్లు దిగి గేటు దాటారు. ఆవిడ ఆ వీధిలో నడవడం నేను చూసింది అదే మొదటిసారి. నేనూ వెనకే వెళ్లాను.

పక్కింటి వాచ్‌మన్ ఏదో అడుగుతుండగానే లోపలి నుంచి ఒకావిడ వచ్చారు. పళ్లెం చూసి, "మీ చెట్టువాండీ?" అన్నారు.

"మావారు కాయించారండీ," అన్నారు అమ్మగారు, ఏమాత్రం తడబడకుండా.

సాయంత్రం ఆ పళ్లెం జంతికలతో తిరిగొచ్చింది. వారం తర్వాత యాదగిరి టికెట్టు సంగతి అడిగితే, "ఆగు, చూద్దాంలే," అన్నారట అమ్మగారు. మరుసటి ఏడు జామ నిజంగానే కాసింది. గురువుగారు ఇప్పుడు లేరు. అమ్మగారు ఆ ఇంట్లోనే ఉన్నారు.

కుండీలో పెంచడానికి తొలి పండ్ల మొక్క ఏదని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ నిమ్మ, దానిమ్మ, అంటు జామ అనే చెబుతాను, కారణాలూ అవే. కాకపోతే ఆయన వల్ల ఇంకొకటి కలిసింది. ఇంట్లో తినగలిగినదానికంటే నాలుగు కాయలు ఎక్కువ కాసేది చూసుకోమంటాను. ఆ ఎక్కువ ఏం చేసుకోవాలని కొందరు అడుగుతారు. మీ పక్కింటివాళ్ల పేరేమిటని అడుగుతాను.