నల్లబడని గుడ్డ

మా అక్క మొగుణ్ణి షెడ్డులో అందరూ అద్దం అంటారు. బస్సుల పక్కన బిగించే స్టీలు పలకలకు ఆయన పాలిష్ పెడితే, డ్రైవర్లు వాటి ముందు నిలబడి తల దువ్వుకుని పోతారు. అందుకని ఆ పేరు. మనిషి మాత్రం అద్దంలా ఉండడు. మాసిన గడ్డంతో, చొక్కా నిండా మరకలతో, బస్సు కింద నుంచి వచ్చాడో బొగ్గుల బస్తాలోంచి వచ్చాడో తెలియకుండా ఉంటాడు. నేను అదే షెడ్డులో సీట్లు కుడతాను. ఆ పని ఇప్పించింది ఆయనే. ఆ సంగతి గుర్తు చేయకుండా ఒక్క పూట కూడా ఊరుకోడు కాబట్టి నేను మరచిపోయే ప్రమాదం లేదు.

ఆయనతో ఎవరింటికైనా వెళ్ళడమంటే నాకు తలవంపులు. మంచినీళ్ళిస్తే తాగడు. స్టీలు గ్లాసు వెలుతురుకి పట్టి, పాలిష్ గీతలు అడ్డంగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా అని తిప్పి తిప్పి చూస్తాడు. ఎవడో తొందరపడ్డాడని పెదవి విరుస్తాడు. ఇంటివాళ్ళు గ్లాసు సరిగా కడగలేదేమో అనుకుని లోపలికి పరుగెడతారు.

పలకలు మెరిస్తే అది తన గొప్ప అనుకోడు. పలకను మిషన్ మెరిపిస్తుంది, చక్రాన్ని చెయ్యి మెరిపిస్తుంది అంటాడు. అల్యూమినియం చక్రం వంపుల్లోకి, బోల్టుల సందుల్లోకి మిషన్ పోదు. అక్కడ గుడ్డకు పాలిష్ రాసి, మణికట్టు తిప్పుతూ రుద్దాలి.

పోయిన ఏడాది ఆ మణికట్టే విరిగింది. పై వరస పలక రుద్దుతూ, నిలబడిన బల్ల మీంచి జారి కుడిచేతి మీద పడ్డాడు. కట్టు విప్పాక డాక్టరు ఎముక అతుక్కుందన్నాడు, పట్టు మాత్రం మెల్లగా రావాలన్నాడు. అప్పటినుంచి మా అక్క ఆయన్ని పెరట్లో కుళాయి దగ్గర కూర్చోబెట్టి తడిగుడ్డలు పిండించేది. ఆయన పిండిన గుడ్డను మళ్ళీ తను పిండి చూసేది. నీళ్ళు కారితే ఇంకో గుడ్డ అందించేది.

ఓనరు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను, బస్సు వస్తే తలుపు తీయడం, పోతే వేయడం, హాయిగా కూర్చో అన్నాడు. తిట్టి ఉంటే బావ తిరిగి తిట్టేవాడు. దయ చూపిస్తే ఏం చేస్తాడు? ఒక్క బస్సు చేసి చూపిస్తాను, చక్రాలు మెరవకపోతే ఆ కుర్చీలోనే కూర్చుంటాను అన్నాడు. ఏరికోరి తన పాత బస్సునే తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆయనే మెరిపించిన బస్సు అది. దాని చక్రాల వంపులు కళ్ళు మూసుకుని చెప్పగలడు.

పలకలు బాగానే వచ్చాయి. నేను సంతోషపడితే, అది మిషన్ గొప్పని కసురుకున్నాడు. తర్వాత చక్రం దగ్గర కూర్చుని రుద్దాడు. చక్రం పసుపు తిరిగి, మసకగా, తనకేమీ పట్టనట్టు అలాగే ఉంది. మర్నాడూ రుద్దాడు. పాలిష్ డబ్బా మార్చాడు, గుడ్డ మార్చాడు, చివరికి కూర్చునే పీట కూడా మార్చాడు. చెమటలు కారాయిగానీ మెరుపు రాలేదు. నేను సాయం పడతానంటే పోయి సీట్లు కుట్టుకోమన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ గేటు పక్కన ఖాళీ చోటు వైపు ఆయన ఒకసారి చూశాడు.

మర్నాడు మా ఇద్దరికీ వారానికోసారి వచ్చే సెలవు. టీ తాగుదామని అక్క ఇంటికి వెళ్ళాను. బావ వెనక గుమ్మం మెట్టు మీద మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. అక్క కుళాయి కింద ఆయన పాలిష్ గుడ్డలు ఉతుకుతోంది. పెళ్ళయిన నాటినుంచి ఆ గుడ్డల నలుపును తిట్టుకుంటూ ఉతుకుతూనే ఉంది. ఆ రోజు మాత్రం బకెట్లోకి చూసి నాతో అంది:

"మీ బావ చక్రాలు రుద్దుతున్నాడా, పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నాడా? ఎప్పుడూ ఇవి తారులో ముంచినట్టు వచ్చేవి. ఇప్పుడు చూడు, నీళ్ళు కూడా నల్లబడలేదు."

ఏదో ధోరణిలో అన్న మాట అది. బావ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. చేతిలో బలం పోయిందన్న మాట పెళ్ళాం నోటే వినాల్సి వచ్చిందనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. అక్క నాలిక కరుచుకుంది.

కాసేపటికి ఆయన లేచి బకెట్లోంచి ఒక గుడ్డ తీసి, విప్పి చూశాడు. ఇంకోటి తీశాడు.

"బామ్మర్దీ, అల్యూమినియం మీద చిన్నపిల్ల రుద్దినా గుడ్డ నల్లబడుతుంది కదా" అన్నాడు నెమ్మదిగా.

అవునన్నాను.

"మరి ఈ రెండు రోజులూ నేను రుద్దింది దేన్ని?"

ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని బయల్దేరాడు. మిగిలిన జత వేసుకుని నేను వెనక పరుగెత్తాను. షెడ్డులో చక్రం ముందు కూలబడి, బోల్టు సందులో బ్లేడు మొనతో గీశాడు. ఉల్లిపొర లాంటిది లేచి వచ్చింది. వార్నీషు. దాని కింద లోహం తెల్లగా ఉంది.

ఆ బస్సు డ్రైవరుకు ఫోన్ చేశాడు. అతను కాసేపు నీళ్ళు నమిలి అసలు సంగతి చెప్పాడు. బావ చేతికి కట్టుతో ఇంట్లో ఉన్నప్పుడు, ఉన్న మెరుపైనా పోకుండా ఉంటుందని చక్రాలకు ఆ పూత కొట్టించాడట. అది ఎండకు మాడి మసకబారింది. బావ బాధపడతాడని చెప్పలేదట. బావేమో, తెలిసిన చక్రమే కదా అని ఒక్కసారి కూడా అనుమానపడకుండా ఆ పూత మీదే ప్రాణం పెట్టి రుద్దాడు. నేను బూతులు వినడానికి సిద్ధపడ్డాను. ఆయన మాత్రం "పోనీలే తమ్ముడూ, బతికించావు" అని ఫోన్ పెట్టేశాడు.

పెయింటు తీసే మందు పూసి, కడిగి, ఆరాక గుడ్డకు పాలిష్ రాశాడు. కాసేపు రుద్ది గుడ్డ తిరగేశాడు. కాటుకలా నలుపు. చక్రంలో మెరుపు లేస్తుంటే నేను దాన్ని చూస్తున్నాను, ఆయన గుడ్డనే చూస్తున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వాటిని ఆ గుడ్డతోనే తుడుచుకున్నాడు. ఆ ముఖం చూసి నవ్వకూడదనుకున్నాను గానీ నా వల్ల కాలేదు.

ఓనరు మర్నాడు వచ్చి, ఆ చక్రంలో మీసం సరిచేసుకుని, కుర్చీ మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. అది తర్వాతి సంగతి. ఆ పూట మేం ఇంటికి వెళ్ళేసరికి అక్క ఇంకా కుళాయి దగ్గరే ఉంది. బావ గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బకెట్లో వేసింది. నీళ్ళు నల్లగా తిరిగాయి. ఇన్నేళ్ళూ తిట్టుకున్న ఆ నలుపు ముందు అక్క చాలాసేపు తృప్తిగా కూర్చుంది. బావ అలవాటుగా పక్కన కూర్చుని, పిండడానికి చెయ్యి చాపాడు.

"నీ చేతికి బోలెడు పనుంది కదయ్యా" అంది అక్క, గుడ్డ తన వైపు లాక్కుంటూ. "ఇవి నేను పిండుకుంటాలే."