ఒకటే కాలువ

గవర్నర్‌పేటలో నేను పనిచేసే ల్యాబుకు కంకిపాడు రైతు ఒకాయన మూడు నెలలకోసారి భార్యను వెంటబెట్టుకుని రక్తం ఇవ్వడానికి వచ్చేవారు. ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. పురుష హార్మోన్‌ను ఆపే ఇంజెక్షన్లు వేస్తున్నారు.

ఏ సంగతి విన్నా పొలానికి అన్వయించుకోవడం ఆయన అలవాటు. కణాల్లో రిసెప్టర్లు ఉంటాయనీ, హార్మోన్ వచ్చి తగిలితేనే అవి పనిచేస్తాయనీ, మీసం, కండ, ఈ క్యాన్సర్ మూడూ వాటివల్లే పెరుగుతాయనీ నేను చెబితే నవ్వారు.

"వరికీ కలుపుకీ ఒకటే కాలువన్నమాట! అందుకేనా అబ్బాయ్, కలుపు చావాలని కాలువ కట్టేసి నా మీసం కూడా ఎండగట్టారు?"

అప్పటి నుంచి రిపోర్టు అందుకోగానే "నీళ్లెంతున్నాయి?" అని అడిగేవారు.

చివరిసారి రెండు కాగితాలిచ్చాను. మొదటిదాని ప్రకారం హార్మోన్ దాదాపు లేదు. రెండోది పీఎస్ఏ, అంటే క్యాన్సర్ జాడ చెప్పే పరీక్ష. అది బాగా పెరిగింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నీళ్లు లేవుగా. మరి ఇదెలా లేచింది?"

"కొన్ని రిసెప్టర్లు మారిపోతాయండీ. హార్మోన్ లేకపోయినా పనిచేస్తాయి. డాక్టరుగారు వేరే మందు చూస్తారు."

"పక్కచేల ఊటకే బతకడం నేర్చిందన్నమాట," అన్నారు మెల్లగా.

రెండో కాగితం మడిచి నా బల్ల మీద పెట్టారు. "ఇది నువ్వే డాక్టరుగారికి పంపించు. మా ఆవిడ కంట పడకూడదు."

బయట బెంచీ మీద కూర్చున్న భార్యకు మొదటి కాగితం చూపించి, "చూడు, అడుగంటింది," అన్నారు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకున్నారు.