సాక్ష్యంలో చెప్పని కడప ప్రయాణం

పోయిన ఏడాది మా నందికొట్కూరు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. ఒక ఆదివారం ప్రభువే మమ్మల్ని కడపకు నడిపించాడని, అక్కడే మా పాప చదువుకు దారి దొరికిందని. అందరూ స్తోత్రం అన్నారు. ఇప్పటికీ పిల్లల తల్లిదండ్రులు కాలేజీల గురించి నా సలహా అడుగుతుంటారు. ఆ ఆదివారాన్ని ఎంచుకున్నది నేనే. ఎందుకు ఎంచుకున్నానో మాత్రం చెప్పలేదు.

మా పాపకు రాళ్ళంటే పిచ్చి. ఇంటర్ అవగానే భూగర్భశాస్త్రం చదువుతానంది. ఆ కోర్సు కడపలో ఉంది, హాస్టల్లో ఉండాలి. నాకేమో కర్నూలులో కంప్యూటర్ కోర్సులో చేర్చి, పొద్దున బస్సెక్కిస్తే సాయంత్రానికి ఇంట్లో చూసుకోవాలని ఆశ. నేను వద్దంటే ఏడుస్తుంది. తనంతట తానే వద్దనాలి.

"రెండూ చూద్దాం పాపా. నీకు ఏది నచ్చితే అదే" అన్నాను. శనివారం పొద్దున కర్నూలు, ఆదివారం మధ్యాహ్నం కడప అని పెట్టాను. జూన్ వచ్చినా ఎండ తగ్గలేదు. ఆదివారం కాలేజీలో మనిషుండడు, తలుపులన్నీ వేసుంటాయి. అది నా లెక్క.

కర్నూలులో అంతా అనుకున్నట్టే జరిగింది. చల్లటి పొద్దు, చెట్ల కింద పిల్లల గుంపులు. కాలేజీ ఎదుట వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినిపించాను. పాప బజ్జీలు బాగున్నాయంది. కాలేజీ గురించి ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం మా అమ్మ అడ్డం తిరిగింది. "ఆరాధన ఎగ్గొట్టి ఊర్లు తిరగనీకె నేను రాను. కడపలో చర్చిలు లేవా ఏంరా?"

సరే, ముందు చర్చికే పోదామన్నాను. ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది, ఇంకా మంచిదే అనుకున్నాను.

తెల్లవారకముందే కారులో బయలుదేరాం. నంద్యాల దాటి కొండలు దగ్గరపడేకొద్దీ పాప సీట్లో నిలవలేదు. రోడ్డు కోసం కొండను చీల్చిన చోట "నాయనా, ఆపు ఆపు!" అని కేక వేసింది. దిగి పరిగెత్తి, పలకల్లా పొరలు విడిపోయే రాయి ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"రాళ్ళు ఏరుకోనీకె కాలేజీ యాలమ్మే?" అంది మా అమ్మ. "మన చేన్లో మూడు తరాలుగా ఏరతానే ఉండాం, ఇంగా అయిపోలా."

నా భార్య పడీ పడీ నవ్వింది.

మా చర్చిల్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆరాధన మధ్యలో లేచి ఎవరో, ఎందుకు వచ్చారో చెప్పాలి. కడప పాస్టరు గారు పిలవగానే లేచాను. ఊరి పేరు చెప్పి, "ఊరికే ఇట్లా వచ్చినాం" అని కూర్చోబోయాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ గొంతు లేచింది.

"ఊరికే ఏమిరా? మనవరాలికి కాలేజీ చూపియ్యనీకె వచ్చినాం అయ్యగారూ. రాళ్ళ చదువంట!"

చర్చంతా నవ్వు. వెనక వరుసలో హాస్టల్ అమ్మాయిలు నలుగురైదుగురు ఉన్నారు. "మాదీ అదేనమ్మా!" అని ఒకమ్మాయి ఆపుకోలేక అనేసింది. ఆరాధన ముగిసీ ముగియకముందే మా పాప వాళ్ళ మధ్యలో ఉంది. కాలేజీ తామే చూపిస్తామని వాళ్ళు మాతో బయలుదేరారు.

"ఆదివారం గదమ్మా, తలుపులు వేసుంటారేమో" అన్నాను.

"వేసుంటే ఏం అంకుల్? రాళ్ళు బయటనే ఉండాయి!"

నిజమే. భవనం వెనక వేపచెట్ల కింద మనిషెత్తు బండలు నిలబెట్టి ఉన్నాయి. అమ్మాయిలు ఒక్కో బండ చూపించి "ఇదేందో చెప్పు" అని మా పాపను పరీక్ష పెట్టారు. తను సీసాలోని నీళ్ళు ఒంపి రాయిని తడిపింది. బూడిద రంగు రాయిలో ఎర్రటి చారలు పైకి తేలాయి. సరిగ్గా చెప్పినప్పుడల్లా అరుపులు, చప్పట్లు. నేను తలమీద తువ్వాలు వేసుకుని, చెమటలు కారుతూ వెనకే నడిచాను. పాపను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

పరిగెత్తుకొచ్చింది. "ఈడనే నాయనా! ఈడనే చదువుతా!"

ఆఖరి ప్రయత్నం చేశాను. "ఎండ శానా ఉండాది గదమ్మా ఈడ."

"మనూర్లో ఏమన్నా మంచు పడతాందా?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను.

"ఏది నచ్చితే అదే అన్న్యావు గదా?" ఈసారి తను నవ్వలేదు. నా మొహంలోకే చూస్తోంది.

"అన్న్యాను. ఈడనే చదువు" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా మాటలే. ఆళ్ళగడ్డ దగ్గర ఉన్నట్టుండి అంది: "ఆదివారం పెట్టి శానా మంచి పని చేసినావు నాయనా. వేరే దినమైతే అక్కవాళ్ళు క్లాసుల్లో ఉండేవాళ్ళు."

"అందుకే పెట్టింది" అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. దాన్నే చర్చిలో ఇంకాస్త పెంచి చెప్పాను. నిజానికి ఆ ఎండను కోరుకున్నది పాప మనసు విరిచేయడానికి.

ఈ ఆదివారం పాప ఇంటికి వస్తోంది. సాక్ష్యాల వేళ మళ్ళీ లేచి, ఆ ఆదివారం ఎందుకు పెట్టానో చెబుతాను, తను వింటుండగానే. నన్ను సలహా అడిగేవాళ్ళకు కూడా అక్కడే చెబుతాను: నన్ను అడగొద్దు, పిల్లను అడగండి. వీలైతే మా అమ్మను వెంట తీసుకెళ్ళండి.